ఏడుగురి మంచం

సంధ్యారాణి మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే: సేవా సంఘాల వాళ్లను అడిగే ప్రతి ప్రశ్నా ఏదో ఒక పాఠంలోంచి పుట్టాలి. "మీకీ ఆలోచన ఎలా వచ్చింది, సమాజానికి మీ సందేశమేమిటి" లాంటి సోది టీవీ వాళ్లకు వదిలేయమంది. తొమ్మిదో తరగతిని గుంపులుగా విడగొట్టి గుంపుకో సంఘాన్ని, మనిషికో సబ్జెక్టును పంచింది. దిల్‌సుఖ్‌నగర్ సందులో మూడంతస్తుల ప్రైవేటు స్కూలు అది. ఆటస్థలం లేదు గానీ ప్రాజెక్టులకు మాత్రం కొదవ లేదు.

మృదులకు లెక్కలు వచ్చాయి. క్లాసులో ఎప్పుడూ ఫస్టు తనే, ఇంకెవరికి ఇస్తారు? మూడేళ్లుగా రెండో ర్యాంకులో మగ్గుతున్న శ్రీకర్‌కు సైన్సుతో సరిపెట్టారు. సగటు పాఠం అప్పుడే అయింది కనక మృదుల ప్రశ్న ఇట్టే తయారైంది: మీరిచ్చే వస్తువు ఒక్కో ఇంట్లో సగటున ఎన్నాళ్లుంటుంది? మేడమ్ దాన్ని బోర్డు మీద రాయించి అందరిచేతా చప్పట్లు కొట్టించింది. పిల్ల పొంగిపోయింది. పొంగనీయండి, ఆ ముచ్చట ఎంతసేపని.

వాళ్ల గుంపు వెళ్లిన సంఘానిది కర్మన్‌ఘాట్‌లో ఒక షట్టర్ గది. రోగులకు చేతికర్రలు, చక్రాల కుర్చీలు, తలవైపు లేచే ఆస్పత్రి మంచాలు ఊరికే వాడుకోవడానికి ఇస్తారు. గడువు కాగానే తెచ్చివ్వాలి.

అలాంటి మంచం మృదుల ఇంట్లోనూ ఉంది. పక్షవాతం వచ్చిన తాత దాని మీదే ఉంటాడు. కాళ్లవైపున్న హ్యాండిల్ ఇరవైరెండు చుట్లు తిప్పితే తలవైపు లేస్తుంది. అలా లేపకుండా గుక్కెడు జావ పోసినా పొలమారి ముసలాయనకు ఊపిరి ఆడదు. మంచం రాకముందు రెండుసార్లు దవాఖానకు ఎత్తుకుపోయారు. తల్లి హాస్టల్లో వంటకు పోతుంది కాబట్టి సాయంత్రాలు హ్యాండిల్ తిప్పి తాతకు పట్టించేది మృదులే. మూసేసిన నర్సింగ్ హోంలో ఆ మంచం కొన్నానని నాన్న చెప్పాడు. నాన్న చెప్పాక నమ్మక ఏం చేస్తుంది?

సంఘం నడిపే కనకరాజు రిటైరైన కండక్టరు. లెక్కల ప్రశ్న వినగానే ఆయన నెత్తి గోక్కున్నాడు.

"మంచాల ముచ్చట చెప్త బిడ్డా. పదున్నయ్. రెండు నెలలకే ఇస్తం. తొమ్మిది మంది గట్లనే తెచ్చిచ్చిండ్రు. ఒక్కటి మాత్రం పదహారు నెలలాయె, ఇంకా రాలే."

మృదుల కాగితం కూడా ముట్టలేదు. "సగటు మూడు నెలల పన్నెండు రోజులు సార్. ఆ ఒక్కటి తీసేస్తే రెండు నెలలే. ఒక్కళ్లు చేసిన పనికి అందరి సగటు చెడిపోయింది." మేడమ్ కళ్లు మెరవడం చూసి ఇంకో అడుగు ముందుకేసింది. "పదహారు నెలల్ల ఎనిమిది మందికి అందాలే. తీస్కపోయినోళ్ల వంతు పోను ఏడుగురికి అన్యాయం జరిగింది సార్."

"ఏడుగురా?" కనకరాజు ఎన్నడూ అలా లెక్కపెట్టుకోలేదు. "లిస్టుల ఒకామె ఉండె. మంచం కోసం మూడుసార్లొచ్చింది. నాలుగోసారి ఆమె కొడుకొచ్చి, ఇగ అక్కర లేదన్నడు."

పిల్లలందరూ ఒక్కసారిగా ఛీ అన్నారు. మేడమ్‌కు తెలుగు పాఠం గుర్తొచ్చింది: లేఖారచన. ఆ మంచం దాచుకున్న వాళ్లకు ఇక్కడే, ఇప్పుడే ఉత్తరం రాద్దామంది. దస్తూరి బాగుండేదీ మృదులదే. ఎవరూ చెప్పకుండానే సొంతంగా రాసుకుంటూ పోయింది: "మీరు కదలనివ్వని ఆ మంచం మీద మరో ఏడుగురు ఊపిరి పీల్చుకోవలసింది. వారి ఊపిరికి మీరేం జవాబు చెబుతారు?" మేడమ్ గట్టిగా చదివి భుజం తట్టింది.

"పేరేం రాయాలె సార్?"

కనకరాజు రిజిస్టర్ తిప్పాడు. "పేషెంటు మట్టయ్య. తీస్కపోయింది కొడుకు జగన్, మోటార్ల వైండింగ్ చేస్తడు."

మృదుల చెయ్యి ఆగింది. అందరూ చూస్తున్నారు. తాత పేరు, తండ్రి పేరు ఉత్తరం నెత్తిన తన చేత్తోనే రాసింది.

"అయితే లాభం లేదు మేడమ్," అన్నాడు కనకరాజు. "గా ఇల్లు ఖాళీ చేసి పోయిండ్రు. ఫోన్ కలుస్తలేదు."

దేవుడున్నాడనుకుంది పిల్ల. శ్రీకర్ పెన్నుకు తాపీగా మూత పెట్టాడు. పోయినేడు తనకు జ్వరమొచ్చి బడి మానేసినప్పుడు నోట్సు కోసం వాడు మృదుల ఇంటికి పోయాడు. తాత పేరు అప్పుడే విన్నాడు, ఆ హ్యాండిల్‌ను సరదాగా తిప్పి చూశాడు కూడా. పేరు విన్నప్పుడే నోరు విప్పొచ్చు. ఆమె రాయడం అయ్యేదాకా ఆగాడు.

"మేడమ్, అడ్రస్ మృదులకు తెల్సు. మట్టయ్య వాళ్ల తాతనే."

మేడమ్ తిట్టి ఉంటే బాగుండేది. "అలాగా!" అని ఓ క్షణం ఆలోచించి మొహం వెలిగించుకుంది. "ఇంతకన్నా మంచి ముగింపు ఏముంటుంది పిల్లలూ? ఉత్తరం మృదులే తీసుకెళ్తుంది. నాన్నగారి సంతకం పెట్టించుకురామ్మా. ఆదివారం మంచం తేవడానికి అందరం వెళ్దాం, ప్రాజెక్టుకి ఫోటోలు కావాలి కదా."

"ముసలాయనకు ఇంకా అవసరముందేమో, జర చూసి..." కనకరాజు నసిగాడు.

"మీ రూలు మీరే తప్పితే ఎలాగండీ? పిల్లలేం నేర్చుకుంటారు?"

ఆయన రిజిస్టర్ మూసేశాడు. తిరుగుదారిలో మృదుల పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు.

ఎల్బీనగర్‌లో వాళ్లు కిరాయికుండేది ఒకటే గది. సాయంత్రం మృదుల తాత తల లేపి జావ గిన్నె స్టూలు మీద పెట్టేసరికి జగన్ వచ్చాడు. ఆమె కాగితం చాపింది.

"చేతులకు వార్నిష్ ఉంది బిడ్డా. నువ్వే చదువు."

చదివింది. ఏడుగురి వాక్యం దగ్గర గొంతు తగ్గించింది గానీ దాటేయలేకపోయింది. జగన్ గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు.

"ఎవడు రాసిండు గిది?"

"నేనే."

"మన గురించని తెల్వక రాసినవ్ గద?"

"పేరు రాయంగ తెల్సింది."

జగన్ ఆమెను కొట్టలేదు. అబద్ధం చెప్పిన తండ్రికి ఆ మొహం ఎక్కడిది? వార్నిష్ చేత్తోనే సంతకం పెట్టి కాగితం తిరిగిచ్చాడు.

మంచం మీంచి తాత ఏదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది, మళ్లీ అన్నాడు. "దించు."

"నువ్వుండు నాయినా," అన్నాడు జగన్.

"ఏడుగురంట గదరా," అని ముసలాయన మనవరాలి వైపు చూశాడు. "దించు బిడ్డా."

మృదుల తండ్రి వైపు చూసింది. అతను తలెత్తలేదు. కాళ్లవైపు కూర్చుని హ్యాండిల్ పట్టుకుంది. అలవాటు కొద్దీ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వెనక్కి తిప్పింది. ఇరవైరెండో చుట్టుకు మంచం చదునైంది. స్టూలు మీద జావ నిండుగా అలాగే ఉంది.