అరువు బాణీలు మోసిన మైకు

నేను ఒక పాత మైకుని. పుట్టింది జపానులో, నలిగింది మాత్రం కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో. సీడీల కంపెనీ నడిపే విబోల్ అనే ఆయన నన్ను కొన్నాడు. పదకొండేళ్లు నా ముందు నిలబడినవాళ్లంతా అక్కడి భాషైన ఖ్మేర్ మాటలే పాడారు. బాణీలు మాత్రం పొరుగు దేశాలవి. పక్కింటివాడి చొక్కా తొడుక్కుని పెళ్లిపీటల మీద కూర్చున్నట్టుండేది. వాళ్లకు లేని సిగ్గు ఇనుప ముక్కనైన నాకుండేది.

రికార్డింగు చూసే కొసల్‌కు ఒక అన్న ఉండేవాడట. సొంతంగా పాటలు కట్టేవాడు. దేశాన్ని నెత్తుట ముంచిన ఖ్మేర్ రూజ్ పాలకులు గిటారు పట్టిన నేరానికి అతన్ని చంపేశారు.

"వాళ్లు పాటగాళ్లను చంపారు. మీరు పాటనే చంపుతున్నారు" అని కొసల్ విబోల్ మొహం మీదే అనేవాడు.

"కొత్త బాణీ ఎవడు వింటాడయ్యా? జనం నోట్లో నానిందే అమ్ముడుపోతుంది" అని నవ్వేవాడు విబోల్.

ఒక ఏడు బట్టంబాంగ్ అనే ఊరి నుంచి మాలిస్ అనే పంతొమ్మిదేళ్ల పిల్ల వచ్చింది. వాళ్లమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుడుతూ కుడుతూ మిషను మీదే ఒరిగిపోయింది. ఆ సంగతి మీద మాటా బాణీ తనే కట్టుకుంది. నా ముందు పాడుతుంటే కొసల్ కళ్లు తుడుచుకున్నాడు. విబోల్ కూడా బాగుందన్నాడు.

నెల తిరక్కుండానే ఆ మాటల్ని ఒక విదేశీ డ్యాన్సు బాణీలో ఇరికించి, పేరున్న గాయనితో పాడించి వదిలాడు. బజారులో విన్న మాలిస్ పరుగున స్టూడియోకి వచ్చింది.

"మా అమ్మ కూలిపోయిన చోట చప్పట్ల దరువు పెడతారా?"

"నీ పేరు వేయలేదనేగా? వచ్చేదాంట్లో వేస్తాలే."

మాలిస్ నన్ను స్టాండు మీంచి పీకి గోడకేసి కొట్టింది. నా జాలీ సొట్టపోయింది. అంతకన్నా న్యాయమైన దెబ్బ నేనెరగను.

విబోల్ నన్ను చెత్తబుట్టలో పడేయించాడు. కొసల్ నన్ను ఏరుకుని, మాలిస్‌ను వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. టైర్ల కొట్టు మీద ఒక గది, గోడలకు బొంతలు. అదే మా స్టూడియో. ఫ్యాక్టరీ అమ్మాయిలు, టుక్‌టుక్ ఆటోలు నడిపే కుర్రాళ్లు వచ్చేవారు. శ్రుతి తప్పితే కొసల్ ఓపిగ్గా దిద్దేవాడు. బాణీ అరువు తెస్తే మాత్రం చెడామడా తిట్టేవాడు. మాలిస్ తన పాటను తన బాణీలోనే మళ్లీ పాడింది. కుట్టుమిషన్ల దగ్గర ఫోన్లలో అదే మోగింది. చూస్తుండగానే ఊరు ఖ్మేర్ బాణీలు అడగడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చాడు విబోల్, పళ్లబుట్టతో.

"కాలం మారిందమ్మా. మన పిల్లలందర్నీ నేను పైకి తెస్తాను."

"మన పిల్లలా?" మాలిస్ నన్ను ఆయన ముందుకు జరిపింది. "ఇక్కడికొచ్చినవాళ్లు ముందు తమ సొంత బాణీ ఒకటి వినిపించాలి. కానివ్వండి."

పిల్లలంతా చూస్తున్నారు. విబోల్ గొంతు సవరించుకుని ఏదో కూనిరాగం తీశాడు.

"అది థాయి పాట కదక్కా!" అంది ఒక అమ్మాయి. ఎవరూ నవ్వలేదు. ఆయన బుట్ట వదిలేసి మెట్లు దిగిపోయాడు.

ఇప్పుడు నా లోపలి తీగ తెగింది. కొత్త మైకు వచ్చింది. నేను అలమర ఎక్కాను. వయసుతో కోపం చల్లారుతుందంటారు. నాకు చల్లారలేదు. ఆ పదకొండేళ్లలో నా ముందు ఎన్ని వందల గొంతులు నిలబడ్డాయి! నీ సొంత పాట ఏదమ్మా అని ఒక్కరినైనా, ఒక్కసారైనా, ఎవరూ అడగలేదు.