పంటి గాట్లు

స్క్రూడ్రైవర్ మొనను మోటారు బేరింగు మీద ఆనించి, చెక్క పిడిని పళ్ల మధ్య కరిచిపట్టి, బుధు కళ్లు మూసుకున్నాడు. కొత్తవాళ్లు చూస్తే ముసలాడికి మతి పోయిందనుకుంటారు. అరకులో కాఫీ పండ్ల తొక్క తీసే పల్పర్లు నడిపేవాళ్లకు మాత్రం ఇది అలవాటే. నలభై ఏళ్లు మోటార్ల మధ్య బతికి చెవులు రెండూ పోయాయి, పాపం. ఇప్పుడతను పళ్లతో వింటాడు.

షెడ్డు ముందు, పొద్దున కోసిన కాఫీ పండ్లు ఎర్రగా కుప్ప పోసి ఉన్నాయి. ఈ రోజే తొక్క తీయకపోతే రేపటికి పులిసిపోతాయి. ముప్ఫై ఇళ్ల ఆడవాళ్ల కష్టం అది. వాళ్ల సంఘాన్ని నడిపే హేమలత అతని ఎదురుగా వంగి, పెదవులు కనబడేలా అడిగింది.

“వైండింగ్ కాలిపోనాదేటి సిన్నాన్నా? విప్పీసి కొత్తది సుట్టించమంతన్నారు. మూడ్రోజులు పడతాదంట.”

బుధు పిడిని మళ్లీ కరిచిపట్టాడు. ఖాళీగా తిరిగినంతసేపూ ఆ మోటారు పెద్దమనిషే. పండ్లు పోయగానే దాని రొద కుంగుతోంది, లేస్తోంది, మళ్లీ కుంగుతోంది. మీటరు ముల్లు కూడా అదే తాళానికి ఊగుతోంది.

“తీగ బాగానే ఉన్నాదమ్మా. లోపల తిరిగే రోటర్లో రాగి కడ్డీ ఇరిగింది,” అన్నాడు.

ఈ ముక్క తెలియక ఒకప్పుడు నిక్షేపంలాంటి వైండింగ్‌ను కోసి పారేశాడు. సాలూరులో కృష్ణమూర్తి మేస్త్రి దగ్గర పని నేర్చుకునే రోజులవి. ఇలాగే బలం చచ్చిన మోటారుకి రెండు రోజులు కూర్చుని కొత్త తీగ చుట్టాడు. బిగిస్తే మళ్లీ అదే ఏడుపు. మేస్త్రి తిట్టలేదు. తన స్క్రూడ్రైవర్ పిడిని అతని నోట్లో పెట్టి, “సెవి అబద్ధమాడతాదిరా, పన్నాడదు,” అన్నాడు. కొండ మీది గిరిజన గుంటణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తన క్యారేజీలో సగం పెట్టినవాళ్లు ఆ రోజుల్లో ఎందరని? పోయేముందు ఆ స్క్రూడ్రైవర్ని బుధుకే ఇచ్చాడు. దాన్ని పట్టుకుని బొర్రా నుంచి పాచిపెంట దాకా తిరగడంలో పెళ్లి మాట మరిచిపోయాడని ఆడవాళ్లు అతన్ని ఆటపట్టిస్తారు.

రోటర్ని బయటికి లాగాడు. ఒక కడ్డీ మొదట్లో నల్లగా కమిలిన మచ్చ ఉంది. గీరితే పగులు బయటపడింది. గ్యాసు మంట మీద ఇత్తడి కరిగించి అతికాడు. మధ్యలో రెండుసార్లు గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయాడు.

“ఏటైనాది సిన్నాన్నా? ఆసుపత్రికెళ్దామా?”

“టీ ఎక్కువైపోనాది. నువ్వు బేగి పండ్లెత్తించు.”

పొద్దుటి నుంచీ అతను టీ తాగనేలేదు. ఆ సంగతి హేమలతకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

పొద్దు కొండ వెనక్కి వాలేవేళకి పండ్లు పోశారు. రొద కుంగలేదు. ముల్లు కదలలేదు. బుధు షెడ్డు గోడకు చేరగిలబడి, స్క్రూడ్రైవర్ మొనను గోడకు ఆనించి పిడిని కరుచుకున్నాడు. అతని ముఖం ఎంత హాయిగా ఉందో! ఒక్కసారి పిడి తీసి, “పొయ్యండమ్మా. ఇంక ఆగదు,” అన్నాడు.

హేమలత టీ తెచ్చి పిలిచింది. వినబడలేదనుకుని భుజం తట్టింది. అతను మెల్లగా పక్కకి ఒరిగిపోయాడు.

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. హేమలత స్విచ్చి దాకా పరుగెత్తింది. దాని మీద చెయ్యి వేసి, ఏడుస్తూ, ఆపకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది. కుప్ప అయిపోయేదాకా మోటారు తిరిగింది.

గోడ వారన స్క్రూడ్రైవర్ పడి ఉంది. పిడి మీద మేస్త్రి పంటి గాట్లు, వాటి మీదుగా బుధువి, ముందు పన్ను ఊడిన చోట ఖాళీతో, ఇంకా తడిగా.