సినిమాలోకి రాని మనిషి

ఒక ఉదయం కాఫీ గ్లాసు కడుగుతుండగా రచయితకు తన భార్య ముఖం గుర్తు రాలేదు.

ఆవిడ పోయి నలభై ఏళ్లు దాటింది. ఏదో ఒక రోజు ఇలా అవుతుందన్న భయం ఆయనకు లోలోపల ఉండనే ఉంది. కుళాయి కట్టేసి, కళ్లు మూసుకుని, పట్టుబట్టి ఆలోచించాడు. ముఖమైతే వచ్చింది. పెద్ద పెద్ద కళ్లు, చెంపకు అంటుకున్న తడి జుట్టు, చెవికి హెడ్‌ఫోను. కానీ అది భార్యది కాదు, సినిమాలో ఆవిడ వేషం వేసిన నటిది.

తడి చేతులతోనే ముందుగదిలోకి వెళ్లి గోడ మీది ఫొటో ముందు నిలబడ్డాడు. పెళ్లికి ముందు స్టూడియోలో తీయించిన ఫొటో అది. ఊపిరి బిగబట్టి, ఫొటోగ్రాఫరు చూడమన్న వైపు చూస్తున్న ఒక బెదురు పిల్ల. ఆ పిల్ల నవ్వితే ఎలా ఉంటుందో, కోపం వస్తే మూతి ఎటు తిరుగుతుందో ఆ ఫొటో చెప్పదు. పోనీ ఎవరినైనా అడుగుదామంటే ఎవరున్నారు? పిల్లలు లేరు. ఆవిడ చెల్లెలు కూడా పోయిన చలికాలం కన్నుమూసింది. ఆవిడను కళ్లారా చూసినవాళ్లలో ఇక తనొక్కడే మిగిలాడు. తనూ మరిచిపోతే ఇంతే సంగతులు.

ఒకప్పుడు ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. పెళ్లయిన మరుసటి ఏడు ఊరిని వరద ముంచెత్తింది. వంతెన కొట్టుకుపోయింది. పై అంతస్తులో ఉండబట్టి ఎక్స్‌ఛేంజి ఒక్కటే బతికి బట్టకట్టింది. నీళ్లు తీసేదాకా ఆవిడ ఆ కుర్చీ దిగలేదు. ఎక్కడెక్కడో చిక్కుకుపోయినవాళ్ల గొంతులను ఎక్కడెక్కడో ఏడుస్తున్నవాళ్ల చెవులకు కలుపుతూ కూర్చుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు మూత్రపిండాలు పాడై, పెద్దాసుపత్రి జనరల్ వార్డులో పోయింది.

ఆవిడ పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేక ఆయన రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ పోతే అది తలగడంత లావు నవల అయింది. వరద, మునిగిన వీధులు, విడిపోయిన కుటుంబాలు, అన్నిటి మధ్యా ఒక మొగుడూ పెళ్లాం. చివరి వంద పేజీలూ ఆసుపత్రే.

ఆ నవలను సినిమా తీస్తానని ఒక దర్శకుడు వచ్చాడు. పట్టిన పట్టు విడవని మనిషి. నది ఒడ్డున ఊరికి ఊరే కట్టించి, ట్యాంకర్లతో నీళ్లు వదిలి ముంచాడు. మునిగిన తీరు తనకు నచ్చలేదని, ఎండబెట్టించి మళ్లీ ముంచాడు. రోజుల తరబడి నీళ్లలో నిలబడి కెమెరామన్ మంచం పట్టాడు. సినిమా పూర్తయ్యేసరికి మూడేళ్లు పట్టింది.

ఆసుపత్రి పేజీలు మాత్రం మొదట్లోనే ఎగిరిపోయాయి.

"వార్డు ఎవరు చూస్తారండీ? జనం ఏడవాలి గానీ ముక్కు మూసుకోకూడదు," అన్నాడు దర్శకుడు.

అందుకని సినిమాలో ఆపరేటరు ఎక్స్‌ఛేంజిలోనే చచ్చిపోతుంది. నీళ్లు గొంతుదాకా వస్తాయి. ఊరందరి ఫోన్లూ కలిపాక, చిట్టచివరికి తన భర్తకు కలుపుకుని "వింటున్నారా?" అంటుంది. లైను తెగిపోతుంది.

రచయిత అభ్యంతరం చెప్పలేదు. నిజానికి ఆ చావు ఆయనకూ ముచ్చటగానే అనిపించింది. వార్డులో ఉబ్బిన కాళ్లతో, పక్క మంచం మనిషి దగ్గుకు ఉలిక్కిపడుతూ పోవడం కంటే అలా పోయుంటే బాగుండేదని ఆయన మనసూ ఒప్పుకుంది.

సినిమా ఏడాదిపాటు ఆడింది. కొత్త జంటలు చేతులు పట్టుకుని వెళ్లి, ముక్కులు చీదుకుంటూ బయటికొచ్చేవి. "వింటున్నారా?" అన్న మాట జనం నోళ్లలో పడింది. బ్యాంకులో గుమాస్తా, బస్సులో కండక్టరు, చివరికి సెల్‌ఫోన్లు వచ్చాక వాటి మోతలు కూడా అదే మాట అన్నాయి. నవల కొత్త ముద్రణలన్నిటికీ అట్ట మీద నటి బొమ్మే.

ఆ గోలలో ఒప్పుకోని మనిషి మరదలొక్కతే. మొదటిరోజే సినిమా చూసి నేరుగా ఇంటికొచ్చి, లోపలికి కూడా రాకుండా గుమ్మంలో నిలబడింది.

"మా అక్క అలా పోలేదు బావా. పక్క తడిపితే మార్చింది నేను. దువ్వెనలో ఊడొచ్చిన జుట్టు తీసింది నేను. ఆ రోజులన్నీ ఏ నీళ్లల్లో కలిపావు?"

ఆ తర్వాత మరదలు ఎప్పుడొచ్చినా ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చుని వెళ్లిపోయేది. అక్క మాట ఎత్తేది కాదు.

గ్లాసు కడిగిన ఆ ఉదయం తర్వాత కొన్ని వారాలకు ఫోను వచ్చింది. సినిమాకు ముప్పై అయిదేళ్లు నిండాయట. పాత ప్రింటును శుభ్రం చేసి మ్యాట్నీ వేస్తున్నారట. రచయితగారు తప్పకుండా రావాలట. ఆయన ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకుందామనుకునేలోపే, నటిగారే స్వయంగా వచ్చి తీసుకొస్తారని చెప్పి పెట్టేశారు.

ఆమె చెప్పిన వేళకంటే చాలా ముందే వచ్చింది. మోకాళ్ల నొప్పులేమో, మెట్లెక్కి గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. జుట్టుకు రంగు వేయడం మానేసినట్టుంది. ఆ కళ్లు మాత్రం అవే. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"గుర్తున్నానా రైటర్‌గారూ?"

"మిమ్మల్ని మరిచిపోవడమే నాకు చేతకావడం లేదమ్మా," అన్నాడాయన. ఆమె మెప్పు అనుకుని నవ్వింది.

ఆమె కూర్చున్నాక, ఎందుకో ఆయనకు దాచుకోబుద్ధి కాలేదు. ఉన్నమాట చెప్పేశాడు. ఆవిడను తలుచుకుంటే మీరొస్తున్నారని, ఆవిడ గొంతు కోసం వెతికితే మీ గొంతు వినబడుతోందని.

ఆమె నవ్వు ఆగిపోయింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"నా సంగతీ అలాగే ఏడిసింది," అంది. "మా ఆయన నన్ను చేసుకోలేదండీ, ఆ ఆపరేటర్ని చేసుకున్నాడు. రోజూ ఆఫీసు నుంచి ఫోన్ చేసి 'వింటున్నారా' అనమనేవాడు. ఒకరోజు విసుగొచ్చి అననన్నాను. అప్పట్నుంచి మా మధ్య మాటలు తగ్గిపోయాయి. విడిపోయేదాకా వచ్చింది. ఇప్పటికీ ఎవరొచ్చినా ఆవిడ కోసమే. నాకోసం వచ్చేది పనిమనిషే."

"నావల్లే కదమ్మా ఇదంతా."

"మీవల్ల కాదు, ఊరుకోండి. మీరు నాకు చెప్పిన మనిషి వేరు."

ఆయన తలెత్తాడు.

"షూటింగుకు ముందు నేను ఈ ఇంటికి వచ్చేదాన్ని, గుర్తులేదూ? ఏమీ తెలియని పిల్లని. వెళ్లి నేర్చుకో అని డైరెక్టర్‌గారు తోలారు. మీరు ఆ కిటికీ గట్టు మీద కూర్చుని ఆవిడ గురించి చెప్పేవారు. నేను లేచి నడిచి చూపిస్తే, అలా కాదు, ఇలా అనేవారు. అన్నీ నేర్చుకుని సెట్టు మీదికెళ్లాను. ఆయన ఒక్కటీ ఉంచలేదు. 'ఇది హీరోయిన్ నడక కాదమ్మా, కూరగాయలకెళ్లే ఆడమనిషి నడక' అన్నాడు. అప్పటికప్పుడు వేరే ఆవిణ్ని తయారు చేశాడు."

"నేనేం చెప్పానో నాకు గుర్తులేదు," అన్నాడాయన.

"నాకు గుర్తుంది. అది నా మొదటి వేషం కదా. వెయ్యకుండానే ఉండిపోయింది."

ఆమె బల్ల మీద చెయ్యి ఆనించి లేచింది. మోకాళ్లు సహకరించక ఒక్క క్షణం ఆగింది. తర్వాత నడిచింది. కుడిపాదం కాస్త బయటికి వేస్తూ, ఎవరో వెనకనుంచి పిలుస్తున్నట్టు తొందరతొందరగా. గది చివర ఆగి, వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకెత్తింది.

"ఏం అచ్చుతప్పుగారూ, కడుపులో ఏమైనా పడేసుకున్నారా, లేక అక్షరాలే తిన్నారా?"

రచయిత కుర్చీ అంచుకు జరిగాడు.

అచ్చుతప్పుగారు. ఆయన ప్రూఫులు దిద్దే మనిషి కాబట్టి ఆవిడ పెట్టిన పేరు. కోపం వచ్చినా అదే, ముద్దు వచ్చినా అదే. నవలలో ఆ పేరు ఆయన రాయలేదు, సిగ్గేసి. లోకంలో ఇంకెవరూ ఆయనను అలా పిలవలేదు.

"నవ్వు," అన్నాడు ఆత్రంగా. "నవ్వు కూడా చెప్పానా?"

"చెప్పారు. ముందు చప్పుడుండదు, భుజాలు ఊగుతాయన్నారు. తర్వాత ఒక్కసారిగా కుక్కర్ కూతలా బయటికొస్తుందన్నారు."

ఆమె చేసి చూపించింది. మొదటిసారి కుదరలేదు. ఆయన తల అడ్డంగా ఊపి, "ఇంకాస్త ముక్కులోంచి," అన్నాడు. రెండోసారి చేసింది. దానికి ఆయనకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆయన ఏడుస్తున్నంతసేపూ ఆమె పక్కన నిలబడింది.

ముఖం మాత్రం తిరిగి రాలేదు. కనుబొమ్మ వచ్చింది, పాదం వచ్చింది, నవ్వు వచ్చింది. వాటి మధ్య ఉండాల్సినది ఖాళీగానే ఉంది. అయినా ఆ ఖాళీలోకి ఇప్పుడు నటి ముఖం వచ్చి కూర్చోవడం లేదు. ఆ ముఖం తన ఎదురుగా, కుర్చీలో మోకాళ్లు రుద్దుకుంటున్న ఆమెదై, వేరేగా ఉంది.

మ్యాట్నీకి హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద నటిని ఆ మాట అనమన్నారు. అంది. జనం ఈలలు వేశారు. ఆమె ఇటు తిరిగి రచయిత వైపు చూసింది. ఇందాక ఈయన గదిలో నవ్విన మనిషి ఎక్కడికి పోయిందో, ఆ ముఖంలో లేదు.

సినిమా మొదలైంది. బాగుంది. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అనుకున్నాడు. వాన, దీపాలు, నీళ్లలో తేలుతున్న తలుపులు, స్విచ్‌బోర్డు మీద ఆడుతున్న వేళ్లు. చుట్టుపక్కల అందరితోపాటు ఆయన కళ్లూ తడిశాయి. తెర మీది ఆ అమ్మాయి ఎవరో చాలా మంచిది, పాపం చచ్చిపోబోతోంది.

విశ్రాంతి ఇచ్చినప్పుడు బయట వరండాలో ఒక పడుచు జంట ఆయనను పట్టుకుంది.

"సార్, ఇదంతా మీ సొంత కథేనటగా? నిజంగా ఇలాగే జరిగిందా?" అడిగింది ఆ అమ్మాయి. కళ్లకు పెట్టుకున్న కాటుక చెదిరి ఉంది.

ముప్పై అయిదేళ్లుగా ఈ ప్రశ్నకు ఆయన చెబుతూ వచ్చిన జవాబు ఒకటే. దాదాపుగా, అనేవాడు. వాళ్లు తృప్తిగా వెళ్లిపోయేవారు.

"లేదమ్మా," అన్నాడు ఈసారి. "ఆవిడ ఇంటికొచ్చింది."

"అంటే?"

"వరద తగ్గాక ఇంటికొచ్చింది. కాళ్లనిండా బురద. గొంతు పోయి మాట రావడం లేదు. నేను సంతోషం పట్టలేక అన్నం వండి మాడగొట్టాను. ఆ గొంతుతోనే నన్ను తిట్టింది. మాడిన అన్నమే తిని, గోడవైపు తిరిగి పడుకుంది. గురక పెట్టింది."

అమ్మాయి భర్త వైపు చూసింది. భర్త మొహమాటంగా నవ్వాడు.

"మేడమ్‌గారు అక్కడున్నట్టున్నారు, ఒక ఫొటో దిగుదాం పద," అని ఆమె చెయ్యి పట్టుకుని గుంపులోకి లాక్కుపోయాడు.

గంట మోగింది. వరండా ఖాళీ అయింది. తలుపులు మూసుకున్నాక లోపలినుంచి నీళ్ల హోరు సన్నగా వినబడింది. రచయిత లోపలికి వెళ్లలేదు. గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుని, ఆ అన్నం తిన్నాక ఆవిడ కంచం కడిగిందా, తను కడిగాడా అని గుర్తు చేసుకోసాగాడు.