కలివికోడిని చూసింది నేనే

ఇంతకీ ఆ డోడో అనేది కోడా, బాతా, ముక్కు చూస్తే గరిటె, ఒళ్ళు చూస్తే బియ్యంబస్తా, ఎగరడం చేతకాదట, మనుషులు కర్రలతో కొట్టడానికొస్తుంటే నిలబడి చూస్తుండేదట, అట్లాంటి మొద్దు పక్షి పోయి మూడొందల ఏళ్ళు దాటితే దానికోసం నా నూరా కళ్ళనీళ్ళు పెట్టుకోవడమేమిటి, పోయిన నెల నాకు నాలుగు రోజులు జ్వరమొస్తే తలుపు దగ్గరికొచ్చి బెంచల్, నా నీలం రిబ్బన్ ఎక్కడ అని అడిగి పోయింది తప్ప ఒక్క చుక్క రాల్చలేదు, నా పేరు పెంచలమ్మ అయితే ఈ అరబ్బీవాళ్ళ నోట ప పలకదు కాబట్టి బెంచల్, పోనీలే, ఏ పేరైతేనేం, నలభైరోజుల బిడ్డగా ఉన్నప్పటినుంచి ఎత్తుకుని తిరిగాను, మొదట పలికిన మాట అరబ్బీ కాదు, బువ్వ, నా దగ్గర నేర్చిన బువ్వ, ఇప్పుడు ఎనిమిదేళ్ళొచ్చి హాల్లో కూర్చుని చచ్చిన బాతుకోసం ముక్కు చీదుతోంది, ముక్కు తుడుస్తున్నది ఎవరు, ఆ సిల్వియా.

అయ్యో నా బంగారుతల్లే, ఏడవకమ్మా, మనం దాన్ని బొమ్మలో బతికించేద్దాం, అంటోంది, ఎంత తేనె పూసిందో చూడు ఆ మాటకి, నేను వంటింట్లో ద్రాక్షాకులు పరిచి ఒక్కోదానిలో బియ్యం ముద్ద పెట్టి చుడుతున్నానే గానీ చెవులు రెండూ హాల్లోనే ఉన్నాయి, అమలాపురం దగ్గరి పిల్ల, ఈ ఇంటికి రెండో పనిమనిషిగా వచ్చి ఐదు నెలలు, ఇంటర్ చదివింది, ఇంగ్లీషు వచ్చు, అందుకే బడి పనులన్నీ దాని చేతికి పోయాయి, ఇప్పుడు లేని జంతువుల్లో నీకు ఇష్టమైనదేది, అది మళ్ళీ ఉంటే ఎందుకు బాగుంటుంది, బొమ్మ గీసి రాసుకురమ్మని టీచరు చెప్పిందట, ఆదివారం ఇవ్వాలి, ఇక్కడ వారం బడి ఆదివారమే మొదలు, ఆదివారానికి ముందు శనివారముంది, ఆ శనివారం గుర్తొస్తే నా చేతిలో ఆకు చిరుగుతోంది, మామా నిన్ననే చెప్పింది, మామా అంటే మా యజమానురాలు, ఆడమనిషిని పట్టుకుని మామా అని పిలవడానికి నాకు కొత్తలో ఎంత సిగ్గేసిందో, ఆ మామా చెల్లెలు అర్దియాలో ఉంటుంది, ఆమె పనిమనిషి తన దేశం వెళ్ళిపోయింది, మీ ఇద్దరిలో ఒకరు శనివారం అక్కడికి పోవాలి, ఎవరుండాలో నూరానే అడుగుతాను, ఖలాస్, ఇక అంతే, అంది, ఎనిమిదేళ్ళ చాకిరీకి తీర్పు ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పాలట, ఎగైలా పేటలోని ఈ ఇంట్లో ఏ అరలో ఏముందో మామాకన్నా నాకే తెలుసు, అయినా ఆ పిల్ల సిల్వియా అంటే నేను సంచీ సర్దుకోవాల్సిందే, అదంతా నటనే, నాకు తెలియదా, రేపు కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, మారితే ఈ బంగారుతల్లి ఎవరో ఆ బంగారం మాటలెవరివో.

డోడో మాకూ, అని నూరా మళ్ళీ దిగులుగా అంటోంది, మాకూ అంటే లేదని, ఇక్కడివాళ్ళ మాట, అకూ అంటే ఉంది, మాకూ అంటే లేదు, కొత్తలో మామా ఫ్రిజ్ తెరిచి హలీబ్ మాకూ అంది, హలీబ్ అంటే పాలని అప్పటికే నేర్చుకున్నాను, పాలు మాకు, మీరు ముట్టుకోవద్దంటోంది కాబోలు అనుకుని, అంత కక్కుర్తి మాకేం లేదులే తల్లీ అని మనసులో తిట్టుకుని తలూపాను, మర్నాడు పొద్దున టీలో పాలు లేవని ఇల్లెగిరిపోయేటట్టు అరిచింది, అప్పుడు తెలిసింది, మనకు మాకు అంటే మాదని, వీళ్ళకు మాకూ అంటే లేదని, ఇన్నేళ్ళయినా ఆ మాట వినగానే నా చెవికి ముందు మన అర్థమే తడుతుంది, డోడో మాకు, ఆఁ, మీకే, మీరే ఉంచుకోండి, అనుకుని చేతులు కడుక్కుని, నీళ్ళిచ్చే వంకతో హాల్లోకి పోయాను, ఎంతసేపని గోడచాటునుంచి వింటాను.

నూరా నన్ను చూసి, బెంచల్, మీ ఊళ్ళో ఏది మాకూ, అంది, ఆ పిల్ల నాతో ఎప్పుడూ ఇట్లాగే మాట్లాడుతుంది, సగం మన మాట, సగం వాళ్ళ మాట, నా నోటికి ఎక్కడినుంచి వచ్చిందో, కలివికోడి, అన్నాను, సిల్వియా కిసుక్కున నవ్వింది, కోళ్ళు లేకపోడవేంటక్కా, అని, నూరాకు కోడి అంటే తెలుసు, నేనే నేర్పాను, దజాజ్, దజాజ్, ఫ్రీజర్ నిండా దజాజ్ ఉంది కదా, అని అది కూడా పడీపడీ నవ్వింది, ఇద్దరూ ఒకరిమీద ఒకరు పడి నవ్వుతుంటే నీళ్ళగ్లాసు ఠక్కున కింద పెట్టాను, కోడి కాదు మే, పేరే కోడి, అది పిట్ట, కలివిచెట్ల కింద తిరుగుతాది, కావాలంటే నీ ఫోన్లో సూడు, అన్నాను, సిల్వియా వేళ్ళు టకటకలాడాయి, నవ్వు ఆగింది, అమ్మో, నిజవేనండి, ఎనభై ఏళ్ళు ఎవరికీ కనపడలేదంట, పోయిందనుకున్నారంట, మళ్ళీ కనపడిందంట, మళ్ళీ మాయవంట, ఉందో లేదో తెలీదంటన్నారు, అంది, నూరా ఫోను లాక్కుని చూసింది, దాని కళ్ళు ఎంతయ్యాయో, నా వైపు తిరిగి, మాకూ, అని అడిగింది, లేదా అనే అడిగింది, నాకేమో మీదా అన్నట్టు వినిపించింది, మాకే, అనేశాను, మాదే, మా లంకమల కొండలదే, నేను సూసినా.

నువ్వా, అంది నూరా, ఆఁ, నేనే, ఈ కండ్లతోనే, అని సోఫా ముందు తివాచీ మీద కూర్చున్నాను, ఇక ఆగలేదు, మాపటేళ, మేకలు తోలుకొని వస్తాండా, పొద కింద ఏదో కదిలింది, రెండడుగులు ఉరికింది, నిలబడింది, మళ్ళా రెండడుగులు ఉరికింది, నిలబడింది, కండ్లు ఇంతేసి, ఎదమీద రెండు పట్టీలు గాజులేసుకున్నట్లు, కాళ్ళు పసుపు పూసినట్లు, నన్ను సూసి రెప్ప గూడా కొట్టలేదు మే, నేను ఊపిరి బిగబట్టుకొని నిలబన్యా, అది గూడా ఊపిరి బిగబట్టుకొనే నిలబనింది, అని చెబుతుంటే నూరా నోరు తెరుచుకుని వింటోంది, సిల్వియా పెన్సిలు ఆపేసింది, నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఎందుకంటే ఇందులో ఒక్క మాట కూడా నాది కాదు, రెప్ప గూడా కొట్టలేదు మే అన్నది నేను కాదు, చంద్రిక, నా చెల్లెలు, తొమ్మిదేళ్ళది, వాకిట్లో నిలబడి రొప్పుతూ నాతోనే చెప్పింది.

ఆరోజు మేకల వంతు నాది, కాలు నొప్పని బొంకి దాన్ని పంపాను, పంపిన నేను ఇంట్లో కూర్చుని చింతకాయలు తిన్నాను, పోయినది ఆ పిట్టను చూసింది, ఫారెస్టువాళ్ళు జీపులో వచ్చి మకాం వేసి, ఊళ్ళో గోడకు ఆ పిట్ట బొమ్మ అతికించారు, చూసినవాళ్ళు చెప్పండి, మీ ఫోటో పేపర్లో వేస్తాం అని, ఊరంతా పొదలు దులిపి విసిగిపోయాక, అందరినీ వదిలి దీనికి కనిపించింది, నాకు కనిపించాల్సింది దీనికి కనిపించింది, నాయన తిమ్మయ్య తువ్వాలు దులుపుకుని జీపువాళ్ళకు కబురు చెప్పడానికి లేచాడు, నేను అడ్డం పోయి, బొమ్మ సూసి అల్లింది నాయనా, బొంకుతాంది, వాళ్ళ ముందర నీ పరువు పోతాది, అన్నాను, ఎంత నెమ్మదిగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది, నాయన మేకలు తోలే కర్ర అందుకున్నాడు, సత్తెంగా సూసినా నాయనా, సత్తెంగా, అని అది ప్రతి దెబ్బకూ అంటూనే ఉంది, నావైపు చూసి అక్కా, నువ్వు చెప్పు, అంది, నేను గడపమీద గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను, జీపు ఆ వారమే వెళ్ళిపోయింది, ఇప్పటికీ మా ఊళ్ళో ఎవరైనా కోతలు కోస్తే చంద్రిక కోడా ఏందిరా అంటారు, దాని పెళ్ళిలో కూడా అన్నారు, అది తల వంచుకునే ఉంది, నేనూ నవ్వాను.

నూరా డోడోను రబ్బరుతో బరబరా చెరిపేసింది, వచ్చి నా మెడకు రెండు చేతులూ వేసింది, బెంచల్ చూసింది, మా బెంచల్ చూసింది, అని మేడమీదికి వినపడేటట్టు అరిచింది, గెలిచాను, శనివారం నాదే, ఎనిమిదేళ్ళ బరువు నా గుండెకు తగులుతుంటే ఎంత హాయో, కానీ ఆ హాయి ఎంతసేపు, అది నన్ను వదిలి మళ్ళీ సిల్వియా ఒళ్ళోకే ఎక్కింది, గీయి, బెంచల్ చెప్పినట్టే గీయి అని, ఎక్కి ఆమె జడకొసను వేలికి చుట్టుకుంది, నిద్రొచ్చినప్పుడు నా జడను చుట్టుకునేది, ఎవరో చెబితే చేసే పని కాదది, సిల్వియా ఆ చేతిని తీసేయకుండా మెడ అటు వంచి ఇబ్బందిగానే గీస్తోంది, ఎవరూ చూడటం లేదనుకుంటున్నప్పుడు కూడా అట్లాగే గీస్తోంది, ఇందులో నటన ఏదే పెంచలమ్మా, నటనే అయితే నీకు ఐదు నెలలుగా ఈ మంట ఎందుకు, నిజంగా చూశారా అక్కా, మీరెంత అదృష్టవంతులండి, అని సిల్వియా తలెత్తి అడిగింది, అనుమానం లేదు ఆ ముఖంలో, నమ్మేసింది పిచ్చిపిల్ల.

నేను గాదులే, అన్నాను, మా చెల్లెలు సూసింది, నేను ఇంట్లో ఉండా, నూరా ముఖం చిన్నదయింది, అయినా పెన్సిలు తీసుకుని, పేరేమిటి, పేరు రాయాలి కదా, అంది, చంద్రిక, అని చెబితే, చంద్రికా, చంద్రికా అనుకుంటూ ఒక్కో అక్షరం పేరుస్తోంది, మేడమీదినుంచి మామా దిగివస్తున్న చెప్పుల చప్పుడు, నూరా, ఎవరుండాలో చెప్పు అని అడుగుతుందేమో, అడగనీ, సిల్వియా పేరే చెబుతుందేమో, చెప్పనీ, నాకు ఇప్పుడు అది కాదు పట్టుకున్నది, ఆరోజు నా చెల్లెలిది అబద్ధమనుకుని ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని, అబద్ధం మీద ఎవరైనా కుళ్ళుకుంటారా, నాయన నమ్మలేదు, అమ్మ నమ్మలేదు, ఊరు నమ్మలేదు, దాని కళ్ళు చూసీ చూడగానే నాకు తెలిసిపోయింది అది పిట్టను చూసిందని, ఆ మాపటేళ మా ఇంట్లో చంద్రిక మాట నమ్మినదాన్ని నేనొక్కదాన్నే.