అడ్డు చెప్పే కమిటీ

నరసరావుపేటలో ఇల్లులేనివాళ్ల కోసం సరస్వతమ్మ నడిపే ఆశ్రయానికి ఆడిటర్ నాగవేణి వచ్చింది. లెక్కలన్నీ సరిగానే ఉన్నాయి. పేరుకున్న కమిటీ మాత్రం ఒక్కసారీ సమావేశం కాలేదు, నిర్ణయాలన్నీ సరస్వతమ్మవే.

“ఏందమ్మా, నేనేమన్నా తిన్నానా?” అంది సరస్వతమ్మ నొచ్చుకుని.

“లేదండీ. మీరు పొరబడితే చెప్పేవాళ్లుండాలి గదా.”

కొన్నాళ్లకు సరస్వతమ్మ సభ్యులను పిలిపించింది. సున్నపు బట్టీల్లో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై ఆశ్రయానికి చేరిన మస్తానయ్యనూ కమిటీలోకి తీసుకుంది.

“తాగొచ్చినోళ్లను గెంటేసే రూలు తీసెయ్యాలమ్మా. చలిలో ఏడకి పోతారు?” అన్నాడతను.

సరస్వతమ్మ ఒప్పుకోలేదు. మిగతా అందరూ మస్తానయ్య మాటకే చేతులెత్తారు. ఆమె ముఖం కందిపోయింది. అయినా తీర్మానం మీద సంతకం పెట్టి, వాచ్‌మన్‌ను పిలిచింది.

“తాగొచ్చినా సరే, ఇకనుంచి లోపలికి రానియ్యి. గొడవ చేస్తే నన్ను పిలువు” అంది.