ఇరవయ్యో పేరు

చండ్రుగొండ దారిలో మా అమ్మ ముత్తక్క పనిచేసే పత్తి మిల్లుంది. హాజరు పుస్తకంలో ఎప్పుడూ పందొమ్మిది పేర్లే ఉంటాయి. ఇరవై అయితే అందరికీ పీఎఫ్ కట్టాలట. అందుకే యజమాని బసవపున్నయ్య గారు మా పిన్ని శ్యామలను అమ్మ పేరు మీదనే పనిలోకి రానిచ్చారు. ఒకరోజు అమ్మ, ఒకరోజు పిన్ని. కూలి పంచుకునేటప్పుడు తకరారు రాకుండా ఎవరు వెళ్లిందీ నా డైరీలో రోజూ రాసేదాన్ని.

కొత్త చిక్కుడుకాయ దేవతకు పెట్టే పండుగ నాడు అమ్మ ఊర్లోనే ఉంది. ‘ఇయ్యాల పనికి పిన్ని పోయింది’ అని రాశాను. ఆ మధ్యాహ్నం పిన్ని చీర కొంగు మిషన్ బెల్టులో పడింది. దవాఖానాకు చేరకముందే చనిపోయింది. ఆమెకు మూడేళ్ల సారక్క ఒక్కతే. తండ్రి లేడు.

హాజరు పుస్తకంలో ఆ రోజు పనిలో ఉన్నది ముత్తక్క.

నెల తర్వాత ఆ చావు సంగతి విచారించడానికి పీఎఫ్ సారు వస్తున్నాడని తెలిసి బసవపున్నయ్య గారు అమ్మను పిలిచారు.

“శ్యామల నీకు అన్నం తెచ్చిందని చెప్పు ముత్తక్కా. ఇరవై మందని తేలితే వెనకటి ఏళ్లన్నీ కట్టమంటారు. నేను మిల్లు మూసుకుంటాను. మీరంతా బీడీలకు తునికాకు కోసుకుని బతకండి.”

సారు పాపను చూడాలన్నాడని సారక్కను ఎత్తుకుని నేనూ వెళ్లాను.

“శ్యామల ఇక్కడ పనిచేసిందని తేలితే ఈ పాపకు పింఛను వచ్చేటట్టు రాస్తా. ఎవరన్నా చెప్పండి” అన్నాడు సారు.

అందరూ నేల చూశారు. పత్తి ఏరే జమ్లి అక్క గొణిగింది: “ఇన్ని నోర్లున్నయ్, నాలుక ఒక్కటి లేదు. నాది గూడ.”

నలుగురిలో నాకు మాట రాదు. సంచిలోంచి డైరీ తీసి, ఆ పేజీ తెరిచి సారు ముందు పెట్టాను.

ఆయన చదివి తలెత్తేలోపే అమ్మ అన్నది, “అది కథలు రాస్తది సార్. ఎప్పుడూ గట్లనే. శ్యామల నాకు అన్నం తెచ్చింది.”

“కథలేనా పాపా?” సారు నన్నడిగాడు.

అమ్మ నా వైపు చూసింది. అందరూ చూశారు. నా మెడ చుట్టూ సారక్క చేతులున్నాయి. నేను తల ఊపాను.

‘ఆధారం లేదు’ అని రాసుకుని సారు డైరీ తిరిగిచ్చాడు. బసవపున్నయ్య గారు ఆయనకు నిమ్మసోడా తెప్పించారు.

ఇంటికొచ్చే దారిలో అమ్మ సారక్కను తన చంకకు తీసుకుంది. టేకు చెట్ల దగ్గర ఆగింది.

“శ్యామల పనికి పోయిన దినాలన్నీ ఉన్నయా అందుల?”

“అవ్.”

“చింపకు. ఈ పిల్ల చదువు నేర్చినంక చేతికియ్యి. ఇయ్యాల నేనేం జేసిన్నో అది గూడ రాసిపెట్టు.”

అందుకే రాసిపెట్టాను, సారక్కా. నేనేం చేశానో కూడా.