తపస్కాలంలో మటన్ బిర్యానీ

నరేందర్ పొద్దుట్నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తిరగడా మరి! అమెరికాలో తాను చదివిన క్యాథలిక్ యూనివర్సిటీ నుంచి ఫాదర్ బాలశౌరి భోజనానికి వస్తున్నారు. గుంటూరు వైపు మనిషి. అక్కడ ఫిజిక్స్ ప్రొఫెసరు, నరేందర్ ఉన్న హాస్టలుకు వార్డెను కూడా ఆయనే.

ఆ యూనివర్సిటీలో పేరు తెచ్చుకున్న పూర్వవిద్యార్థుల ఫొటోలు పెట్టే గోడ ఒకటుంది. అందరూ జడ్జీలు, సైంటిస్టులు. ఈ తొంభై తొమ్మిదిలో హైదరాబాదు నుంచి ఒకరిని ఎంచే పని ఫాదర్‌కు అప్పజెప్పారు. ఖాజాగూడలో పుట్టి, మాదాపూర్ రాళ్ల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి బిల్డింగులో సొంత కంపెనీ పెట్టినవాడు, ఆ గోడ మీద తన మొహం చూసుకోవాలని ఉబలాటపడితే తప్పేముంది చెప్పండి?

విందు అదిరిపోవాలని పాతబస్తీ నుంచి మటన్ బిర్యానీ తెప్పించాడు. మూత తీయగానే ఆఫీసంతా గుమగుమలాడింది.

ఫాదర్ వచ్చారు, కూర్చున్నారు, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. ప్లేటు మాత్రం ముట్టుకోలేదు. "కాస్త పెరుగన్నం దొరుకుతుందా బాబూ?" అని మెల్లగా అడిగారు.

ఆఫీసులో పనిచేసే దీవెన గబగబా వచ్చి నరేందర్ చెవిలో ఊదింది. "సార్, ఇవాళ శుక్రవారం అండి. తపస్కాలం కదా, మేం మాంసం తినం."

నరేందర్‌కు తల కొట్టేసినట్టయింది. తెలియనివాడా అంటే, రెండేళ్లు ఆ మెస్సులో తిన్నవాడాయె! ఈస్టరుకు ముందు శుక్రవారాల్లో చేపలే పెడుతుంటే, ఇయ్యాల గూడ చేపలేనా అని సణిగింది తానే.

"మాఫ్ చెయ్యున్రి ఫాదర్. ఎట్ల మర్చిపోయిన్నో ఏమో."

"దానిదేముంది నాయనా, ఇంత హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది," అని ఫాదర్ నవ్వేశారు.

ఆ నవ్వే నరేందర్‌ను చంపేసింది. పరీక్షల ముందు నాన్న ఎల్లయ్య పోయాడని ఫోనొచ్చిన రోజు కళ్లముందు కదిలింది. తాను ఇంటికి రాలేకపోయాడు. దినాలయ్యేదాకా నీసు ముట్టొద్దని అమ్మ ఫోన్లో చెబితే, మెస్సులో తనకోసం విడిగా పప్పూ అన్నం వండించింది ఈయనే. అంతటితో ఊరుకున్నారా, రోజూ పక్కన కూర్చుని తానూ అదే తిన్నారు.

పెరుగన్నం వచ్చింది. ఫాదర్ కలుపుకుంటూ అసలు సంగతికొచ్చారు. "ఇక్కడున్న మన పూర్వవిద్యార్థులంతా నీ పేరే చెప్తున్నారు నరేందర్. ఫొటో ఉంటే ఇవ్వు. దాని కింద రెండు ముక్కలు రాయాలి, ఏం రాయమంటావు?"

ఫొటో జేబులోనే ఉంది. ఆ రెండు ముక్కలూ వారం నుంచి వల్లె వేస్తున్నాడు. తీరా అడిగేసరికి చెయ్యి జేబు దాకా పోలేదు.

తన బిర్యానీ ప్లేటు పక్కకు జరిపాడు. తనకూ ఇంత పెరుగన్నం పెట్టుకుని ఫాదర్ పక్కన కూర్చున్నాడు.

"ఈ ఏడు నా పేరొద్దు ఫాదర్," అన్నాడు. "ఆ గోడ మీదున్నోణ్ణి చూస్తే మీ దగ్గర చదువుకున్నోడని తెలువాలె. నేను మీ మెస్సుల ఊకె తినొచ్చినట్టున్న."